బోధనోపకరణములు: వాని నన్వేషించు విధము

ఉపాధ్యాయుడు పాఠము చెప్పుటకు ముందు తాను నేర్వవలెనని అందరును ఒప్పుకొందురు. కాని యెవరియొద్ద నేర్వవలెను? బోధనకు వలయు సామగ్రి యెక్కడ దొరకును? ఇది తెలియక, “మా యూరిలో నేమియు లేదు” అని నిట్టూర్చువారు పెక్కుమంది కలరు. నేనును కొంతకాలము అట్టివారిలో నొకడనై యుంటిని. కావున ఈ విషయమున నాకు తెలిసిన సంగతులను విద్యార్థులకును, వారి తలిదండ్రులకును, సహోపాధ్యాయులకును మనవి చేయుచున్నాను.

కొన్ని సంవత్సరముల క్రిందట ఏడవ తరగతిలో “త్రిభుజమునందలి మూడు కోణముల మొత్తము 180 డిగ్రీలు” అని నల్లబల్లపై వ్రాసితిని. వెనుక వరుసనుండి యొక బాలిక లేచి, “మాష్టారూ, పెద్ద త్రిభుజమైతే మొత్తము కూడ పెద్దది కాదా?” అని యడిగెను. “పుస్తకములో నట్లే యున్నది, వ్రాసికొనుము” అంటిని. ఆమె వ్రాసికొని కూర్చుండెను. ఆ యేడు మరల నేమియు అడుగలేదు.

తరువాత మూడేండ్లకు జిల్లా శిక్షణసంస్థలో జరిగిన యొక కార్యశాలకు పోయితిని. అచ్చట నొక గ్రామోపాధ్యాయుడు మాకు పాత కాగితములు పంచి, ఎవరికి తోచిన పరిమాణమున వారు త్రిభుజములు కత్తిరింపుడనెను. పిమ్మట మూడు మూలలను చింపి, వాని కొనలు ఒక్క బిందువునొద్ద కలియునట్లు ప్రక్కప్రక్కన పేర్చుడనెను. త్రిభుజము చిన్నదైనను పెద్దదైనను, ప్రతివారి బల్లమీదను మూలలు మూడును కలిసి యొక సరళరేఖను తాకి నిలిచెను. ఇది ఋజువు కాదనియు, ఋజువును కోరునట్లు పిల్లల మనస్సును మేల్కొలుపునదనియు ఆయన చెప్పెను. నేను సిగ్గుపడితిని. ఆ బాలికకు చూపవలసిన ఉపకరణము నా తరగతిగదిలోని చెత్తబుట్టలోనే యుండెను! కాని అప్పటికామె మా పాఠశాలను విడిచి వెళ్లిపోయెను.

నాటినుండి నేను గ్రహించిన దేమనగా, సామగ్రిని దగ్గరనుండి దూరమునకు వెదకవలెను.

మొదటి తావు మన యూరే. ఇల్లు కట్టు తాపీమేస్త్రి త్రాటితో 3, 4, 5 అడుగుల కొలతలు పెట్టి పునాది మూల సరిగా నున్నదో లేదో చూచును. పైథాగరసు సిద్ధాంతమునకు అంతకంటె మంచి పాఠము లేదు. చరిత్ర బోధించువారికి పాత గ్రంథాలయములు గనులవంటివి. 1918లో వేటపాలెమున స్థాపింపబడిన సారస్వత నికేతనమునందు పూర్వపు పత్రికలు భద్రపరుపబడియున్నవి.

రెండవ తావు ఇరుగుపొరుగు బడులు. 1984లో బ్రిటన్ దేశపు సాయముతో ఆరంభమైన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకమునందు, సమీపగ్రామముల ఉపాధ్యాయులు కూడి పాఠములను చర్చించుటకై ఉపాధ్యాయ కేంద్రములు ఏర్పడెను. పథకము ముగిసినను దాని తలపు మిగిలినది. పాఠశాలా సముదాయ సమావేశములలో ఒకరి అనుభవము మరియొకరికి అందును. కాగితపు త్రిభుజమును నాకు చూపినవాడును పండితుడు కాడు, నావంటి ఉపాధ్యాయుడే.

మూడవది జిల్లా విద్యా శిక్షణసంస్థ. దీనిని వాడుకలో డైటు అందురు. 1986 నాటి జాతీయ విద్యావిధానము ననుసరించి ఇట్టి సంస్థలు దేశమంతట వెలసెను. కృష్ణాజిల్లాలో అంగలూరునందును, నెల్లూరుజిల్లాలో పల్లిపాడునందును, విశాఖ ప్రాంతమున భీమునిపట్నమునందును, తెలంగాణమున హనుమకొండ, వికారాబాదులయందును ఇవి యున్నవి.

నాలుగవది ప్రాంతీయ సంస్థలు. 1963లో మైసూరున స్థాపింపబడిన ప్రాంతీయ విద్యాసంస్థ మన రెండు తెలుగు రాష్ట్రములతోపాటు దక్షిణదేశమంతటికి శిక్షణ నొసగుచున్నది. ఆంగ్లము బోధించువారికి, 1958లో హైదరాబాదున వెలసి ఇప్పుడు విశ్వవిద్యాలయమైన ఆంగ్ల, విదేశీభాషల సంస్థ కలదు. కళలను, సంస్కృతిని పాఠములతో కలిపి బోధింపగోరువారికి, 1979లో ఢిల్లీలో ఏర్పడిన సాంస్కృతిక వనరుల శిక్షణ కేంద్రమువారి శాఖ హైదరాబాదునందే యున్నది. ఇట్టి శిక్షణలకు సాధారణముగా విద్యాశాఖ ద్వారమున పిలుపు వచ్చును. కావున ప్రధానోపాధ్యాయుని ద్వారమున మన పేరును, విషయమును ముందుగనే తెలుపుట మంచిది.

ఇక ప్రయాణము చేయలేనివారికి చేతిలోని ఫోనే గ్రంథాలయము. 2017లో ఆరంభమైన దీక్షా వేదికలో పాఠ్యపుస్తకములకు తోడ్పడు చిత్రములును పాఠములును ఉచితముగా దొరకును. అరవింద్ గుప్తాగారు అగ్గిపుల్లలను సైకిలు వాల్వుట్యూబు ముక్కలతో కలిపి ఆకారములు కట్టుట నేర్పిరి. వానిలో చతురస్రము వంగిపోవును, త్రిభుజము మాత్రము బిగిసి నిలుచును. ఇంటి కప్పునకు దూలములను త్రిభుజాకృతిలో నేల బిగింతురో పిల్లలకు వెంటనే తెలియును. ఆయన పుస్తకములు పెక్కు తెలుగున లభించుచున్నవి.

2020 నాటి జాతీయ విద్యావిధానము ప్రతి యుపాధ్యాయుడును ఏటేట కనీసము 50 గంటలు శిక్షణ పొందవలెనని చెప్పుచున్నది. మంచిదే. కాని గంటలు నిండినంతమాత్రమున విద్య నిండదు. సంతకము చేసి, భోజనము చేసి, ధ్రువపత్రముతో తిరిగివచ్చుట శిక్షణ యనిపించుకొనదు. నేను మూడు నియమములు పెట్టుకొంటిని. పోవునప్పుడు తరగతిలో నేను చెప్పలేకపోయిన ప్రశ్న నొకదానిని వ్రాసికొని పోవుదును. వచ్చునప్పుడు మరునాడే తరగతిలో వాడదగిన పనినొకదానిని తెత్తును. వారము గడువకముందే దానిని తోటి యుపాధ్యాయులకు చేసి చూపుదును.

తలిదండ్రులారా! మీ వృత్తిలోని పనిముట్లును, మీ నేర్పును పాఠశాలకు గొప్ప సామగ్రి. పిలిచినప్పుడు ఒక్కపూట వచ్చి పిల్లలకు చూపుడు. విద్యార్థులారా! మీ ప్రశ్నలను దాచుకొనకుడు. ఉపాధ్యాయుని విద్యాన్వేషణకు పంపునది మీ ప్రశ్నయే.

నేడు మా ఏడవ తరగతివారు ప్రతి సంవత్సరము కాగితపు త్రిభుజములు చింపి మూలలు పేర్చుచున్నారు. ఆ బాలికకు నేనీయలేకపోయిన సమాధానమును వారు తమ చేతులతోనే కనుగొనుచున్నారు.