అద్దాల మేడల కింద రాతి కొలువు

1998లో సైబర్ టవర్స్ ప్రారంభమయ్యేనాటికి మాదాపూర్ చుట్టుపక్కల ఎటు చూసినా బండలే. ఇప్పుడవి అద్దాల మేడల కింద ఉన్నాయి. సుమారు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్ అది. రాయదుర్గంలోనో నానక్‌రామ్‌గూడలోనో నాలుగైదు సెల్లార్లు తవ్వాలంటే ఆ రాయి ఎంత బరువు ఓర్చుకుంటుందో, ఎటు పగులుతుందో ముందే ఎవరో ఒకరు తేల్చాలి. అమీర్‌పేట కోచింగ్ బోర్డుల మీద కనిపించని ఆ చదువే రాక్ మెకానిక్స్.

డ్రిల్లింగ్ రిగ్ పైకి తీసిన కోర్లను పెట్టెల్లో వరసగా పేరుస్తారు. వాటిలో పది సెంటీమీటర్లు దాటిన ముక్కల వాటా ఎంతో లెక్కిస్తే ఆర్‌క్యూడీ అనే రాతి నాణ్యత సూచిక వస్తుంది. తర్వాతిది ల్యాబ్ పని. సుమారు 54 మిల్లీమీటర్ల వ్యాసమున్న కోర్‌ను అంతకు రెట్టింపు పైన పొడవుండేలా కోసి, రెండు చివర్లూ నున్నగా అరగదీసి మెషీన్‌లో నిలబెడతారు. లోడ్ పెరుగుతున్నా గ్రానైట్ చాలాసేపు చెక్కుచెదరనట్టే ఉండి, ఒక్కసారిగా పేలుతుంది. చుట్టూ కవచం పెట్టేది అందుకే. బిళ్లగా కోసిన ముక్కను అంచుల మీద నొక్కితే నడిమికి చీలిపోతుంది. నొక్కుడును ఓర్చుకున్నంతగా రాయి లాగుడును ఓర్చుకోలేదు. సాధారణంగా అందులో పదో వంతే.

గట్టి గ్రానైట్ బలం 100 మెగాపాస్కల్స్ దాటుతుంది. కొత్తగా చేరినవాళ్లు ఆ అంకెను నేరుగా సాఫ్ట్‌వేర్‌లో పెట్టేస్తారు. తప్పంతా అక్కడే. గొయ్యి గోడలో పగుళ్లుంటాయి, నీరు ఊరుతుంది. చేతిలోని కోర్ నుంచి కొండ బలాన్ని అంచనా కట్టడానికే రాక్ మెకానిక్స్ నిపుణులు హోక్, బ్రౌన్ 1980లో తమ సూత్రాన్ని ప్రకటించారు. 2025 ఫిబ్రవరి 22న శ్రీశైలం ఎడమగట్టు కాలువ (ఎస్‌ఎల్‌బీసీ) సొరంగం పైకప్పు కూలి ఎనిమిది మంది చిక్కుకుపోయారు. భూమి లోపల అంచనా తప్పితే మూల్యం అలా ఉంటుంది.

సివిల్, మైనింగ్, జియాలజీ, జియోఫిజిక్స్... ఏ దారిలోనైనా ఇటు రావచ్చు. గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీలో భూకంప ఇంజినీరింగ్ పరిశోధన కేంద్రం ఉంది. ఉప్పల్‌లో జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ) ఉంది. భారత భూగర్భ సర్వే సంస్థ (జీఎస్‌ఐ)లో చేరాలంటే యూపీఎస్సీ జియో సైంటిస్ట్ పరీక్ష రాయాలి. సింగరేణి బొగ్గు గనుల సంగతి చెప్పనక్కర్లేదు.

ఐటీలో ఉన్నన్ని కొలువులు ఇందులో లేవు. ఎండ, దుమ్ము తప్పవు. అయితే ఫ్లాక్ త్రీడీ లాంటి మోడలింగ్ సాఫ్ట్‌వేర్లు పైథాన్‌తోనూ నడుస్తాయి కాబట్టి కోడింగ్ వచ్చినవాళ్లకు ఇక్కడ విలువ ఎక్కువే. మూడో ఏడాది విద్యార్థులు సాఫ్ట్‌వేర్ కోర్సు ఫీజు కట్టేముందు ఏదైనా జియోటెక్నికల్ ల్యాబ్‌లో ఒక నెల ఇంటర్న్‌షిప్ అడగాలి.