మాలిక్ ఎంజైము – జొన్న ఆకులో, మన కాలేయంలో, ఏలికపాములో

"లివర్ ఎంజైములు పెరిగాయట సిస్టర్, అంటే ఏమిటి?" అని రోగుల బంధువులు మమ్మల్ని తరచు అడుగుతుంటారు. ఎంజైము ఒక మాంసకృత్తు. ఒక పదార్థాన్ని మరొక పదార్థంగా త్వరగా మార్చుతుంది, తాను మాత్రం ఖర్చయిపోదు. కాలేయ కణాలు దెబ్బతిన్నప్పుడు వాటిలోని కొన్ని ఎంజైములు రక్తంలోకి కారతాయి. రిపోర్టులో కనబడేవి అవే. మన శరీరంలో ఇలాంటివి వేలాది ఉన్నాయి. రిపోర్టులో కనబడని ఒక ఎంజైము గురించి ఈసారి తెలుసుకుందాం.

ఇది చేసే పని

పచ్చి ఆపిల్ పులుపుకు కారణం మాలిక్ ఆమ్లం. 1785లో షీలే అనే శాస్త్రవేత్త దీనిని ఆపిల్ రసం నుండి వేరుచేశారు. మన కణాలలో కూడా ఇది నిత్యం తయారవుతుంది. మాలిక్ ఎంజైము ఈ ఆమ్లాన్ని విడగొట్టినప్పుడు మూడు వస్తాయి: పైరూవిక్ ఆమ్లం, బొగ్గుపులుసు వాయువు, మరొక అణువు మోసుకుపోయే హైడ్రోజను. ఈ పనికి మెగ్నీషియం లేదా మాంగనీసు తోడు కావాలి. ఈ మూడింటిలో ఏది ముఖ్యంగా కావాలన్నదే జీవికీ జీవికీ ఉన్న తేడా.

మొక్కలలో

జొన్న, మొక్కజొన్న, చెరకు మొక్కలకు కావలసింది బొగ్గుపులుసు వాయువు. ఆకు పైపొర కింద ఉండే కణాలు ఆ వాయువును మాలిక్ ఆమ్లంగా మార్చి, ఈనెల చుట్టూ ఉండే కణాలకు పంపుతాయి. అక్కడ ఈ ఎంజైము వాయువును మళ్ళీ విడుదల చేస్తుంది, దానితో చక్కెర తయారవుతుంది. రాగి మొక్కలోనూ ఈ ఏర్పాటు ఉంది, కాని ఎంజైము రకం వేరు. వరిలో ఈ ఏర్పాటు లేదు. జొన్న, రాగి తక్కువ నీటితో, ఎండలో పండడానికి ఇదొక ముఖ్య కారణం. నాగజెముడు రాత్రిపూట వాయువును పీల్చి మాలిక్ ఆమ్లంగా దాచుకొని, పగలు రంధ్రాలు మూసుకొని వాడుకుంటుంది.

మన శరీరంలో

1940ల చివరలో సెవెరో ఒచోవా బృందం పావురం కాలేయంలో ఈ ఎంజైమును వివరించింది. మనుషులలో ఇది మూడు రకాలు. ఒకటి కణద్రవంలో, రెండు మైటోకాండ్రియాలో ఉంటాయి. కణద్రవంలోని రకం ఇచ్చే హైడ్రోజను కొవ్వు తయారీకి ఉపయోగపడుతుంది. ఎలుకలకు పిండిపదార్థాలు ఎక్కువగా పెడితే కాలేయంలో ఈ ఎంజైము పెరుగుతుంది, పస్తు ఉంచితే తగ్గుతుంది. అవసరానికి మించి తిన్న అన్నం, చక్కెర కొవ్వుగా నిల్వ కావడానికి సహాయపడే పనివారిలో ఇదీ ఒకటి. "నేను నూనె ముట్టను, లివర్‌కు కొవ్వు ఎలా పట్టింది?" అని అడిగేవారికి ఇందులో కొంత జవాబు ఉంది.

ఏలికపాములో

పిల్లల పేగులో ఉండే ఏలికపాముకు ప్రాణవాయువు అంతగా దొరకదు. పందులలో ఉండే దీని దగ్గరి జాతిని పరీక్షించి శాస్త్రవేత్తలు ఒక సంగతి కనుగొన్నారు. ఈ ఎంజైము మాలిక్ ఆమ్లంలో కొంత భాగం నుండి తీసిన హైడ్రోజనును, మిగిలిన భాగాన్ని మార్చి శక్తి పొందడానికి పురుగు వాడుకుంటుంది. ఆ విధంగా గాలి అంతగా లేనిచోట బ్రతుకుతుంది. ఆడపురుగు రోజుకు రెండు లక్షల వరకు గ్రుడ్లు పెడుతుంది. అవి మలంతో మట్టిలో కలిసి, చేతులు, కూరగాయల ద్వారా నోటికి చేరతాయి. ఆల్బెండజోల్ మాత్ర ఈ ఎంజైము మీద పనిచేయదు. పురుగు చక్కెరను పీల్చుకోకుండా చేస్తుంది.

గుర్తుంచుకోండి

1. అన్నం, తీపి పదార్థాలు మితంగా తినండి. రోజూ ఒక పూట జొన్నరొట్టె లేదా రాగిసంకటి మంచిది, అదీ మితంగానే. షుగరు ఉన్నవారు పరిమాణం అడిగి తెలుసుకోండి.
2. సంవత్సరం నిండిన పిల్లలకు నులిపురుగుల మాత్ర వేయించండి. రెండేళ్ళ లోపువారికి అరమాత్ర (200 మి.గ్రా.), ఆపైన ఒక మాత్ర (400 మి.గ్రా.). చిన్నపిల్లలకు మాత్రను పొడిచేసి నీటితో ఇవ్వాలి, పెద్దపిల్లలు నమిలి మింగాలి. గర్భిణులు డాక్టరును అడగనిదే వేసుకోకూడదు.
3. మరుగుదొడ్డి వాడండి. భోజనానికి ముందు సబ్బుతో చేతులు కడుక్కోండి.
4. దుకాణంలో దొరికే అరుగుదల ఎంజైము మాత్రలు వేరు, ఈ ఎంజైము వేరు. ఇది కణం లోపలే తయారవుతుంది, కొని మింగవలసిన పనిలేదు.