ఇసుక నేలల పేర్లు – వాని వాడుక

ఇసుక నేలలన్నియు నొక్కటి గావు. ఏటి నడుమ నుండు ఇసుక వేరు. వరద తెచ్చి పొలముపై పోసిన ఇసుక వేరు. గాలి కుప్పవేసిన ఇసుక వేరు. తరతరములుగా దున్నుచున్న ఇసుకపాలు నేల వేరు. తెలుగు రైతులు వీనికి వేరువేరు పేళ్లు పెట్టియున్నారు. పేరు నేల పుట్టుకను దెలుపును. పుట్టుకను బట్టి నేల నిలుకడయు, నిలుకడను బట్టి పెట్టుబడియు నుండవలెను. పేరు తారుమారైనచో విత్తనమును కూలియు వ్యర్థమగును. ఒక్కొక్కప్పుడు రావలసిన సహాయమును రాకపోవును.

1. మేట, కోత

ప్రవాహము తెచ్చి వదలిన పొర మేట. "పొలము మేటవేసినది" అని రైతు చెప్పినచో, తన నేల క్రిందనే యున్నదనియు, దానిపై పరాయి ఇసుక పడినదనియు నర్థము. 2009 అక్టోబరులో కృష్ణా తుంగభద్రలు పొంగినప్పుడు కర్నూలు, ఆలంపురము ప్రాంతములందు పలు పొలము లిట్లు చెడినవి. ఏరు గట్టును దొలిచి నేలను గొనిపోవుట కోత. ఏటి వంపున వెలుపలి గట్టును నీరు వడిగా తాకును. లోపలి గట్టున వడి తగ్గి ఇసుక దిగును. కావున ఒకే వరదలో ఒక రైతునకు కోతయు, ఎదుటి గట్టు రైతునకు మేటయు గలుగుచుండును.

2. తిన్నె, దిబ్బ

నీరు తీసిన పిమ్మట ఏటిలో తేలు, పైభాగము చదునైన మిట్ట తిన్నె. ఇంటి ముందరి అరుగునకు గూడ తిన్నె యనియే పేరు. కావ్యములలో సైకతము, పులినము అనునవి యిదియే. తిన్నెపై వేసవిలో గుంతలు తీసి, పశువుల యెరువు నింపి, దోస, పుచ్చ పెంచుదురు. తొలకరి నీరు రాకముందే కాపు ముగియునట్లు విత్తవలెను.

దిబ్బ తిన్నెకంటె ఎత్తైనది. సముద్రతీరమున గాలి కుప్పవేసిన దిబ్బలు నిలుకడలేనివి. పచ్చదనము పోయినచో ఇసుక లేచి ప్రక్క చేలపై పడును. బాలబందితీగె, రావణాసురుని మీసములు అను గడ్డి యీ దిబ్బలను పట్టియుంచును. వీనిని వంటచెరకునకు గాని వేరు పనికి గాని పెరికివేయరాదు. వీని వెనుక సరుగుడు, తాటి, జీడిమామిడి నాటినచో చేలకు కాపు దొరకును.

3. లంక

నది నడుమ మేటపై మేట పడి, ఒండ్రు నిలిచి, సాగునకు వచ్చిన భూమి లంక. రాజమహేంద్రవరమునకు దిగువ గోదావరిలో నిట్టివి పెక్కులు గలవు. ఊబలంక, ఎదుర్లంక వంటి ఊళ్ల పేళ్లలో నీ మాట నిలిచియున్నది. లంక పొగాకు పేరుపొందినది. అయినను నది యిచ్చినదానిని నదియే తీసికొనును. 1986 ఆగస్టు వరదలో లంకలు మునిగినవి. లంక భూమిని కొనువారు, కౌలునకు గొనువారు కాగితములతో తృప్తిపడక, సర్వే పటము చేతబట్టుకొని గట్టున నడచి, నేల యెంత మిగిలియున్నదో కొలిపించుకొనవలెను.

4. దుబ్బ, చల్క

ఇవి తెలంగాణపు మాటలు. ఏటి ఇసుకతో వీనికి సంబంధము లేదు. అక్కడి రాతినేల చివికి యేర్పడినవి. ఎఱ్ఱని ఇసుకపాలు నేల చల్క. అంతకంటె వెలిసిన రంగుతో, గరుకుగా, తేలికగా నుండునది దుబ్బ. 1948కి పూర్వము సంస్థానపు లెక్కలలో తరీ, ఖుష్కీ, బాగాత్ అని వ్రాసినది నీటి యాధారమును బట్టి; దుబ్బ, చల్క, రేగడి యనునవి మన్నును బట్టి. ఈ రెండు విధములను కలుపరాదు. చల్కలందు ఆముదము, జొన్న, కంది, వేరుశనగ సాగగును. ఈ నేలలలో నీరు త్వరగా దిగును, దానితో నత్రజనియు దిగిపోవును. కావున ఎరువు నొక్కసారిగా గాక విడతలుగా వేయవలెను. చెరువు పూడిక మన్ను తోలుటయు, గొఱ్ఱెల మంద కట్టించుటయు మేలు.

5. చెలమ, దొరువు

ఏటి ఇసుకలో నీటికై తీసిన గుంట చెలమ. తీరపు ఇసుకలో తీసిన లోతు తక్కువ నీటి గుంట దొరువు. అక్కడ మంచినీరు ఉప్పునీటిపై తేలియుండును. దొరువును మితిమీరి త్రవ్వినను, ఒక్కసారిగా తోడినను ఉప్పునీరు పైకెక్కి నారుమళ్లను చంపును. కొద్దికొద్దిగా తోడుటయే పద్ధతి.

మేట పడినప్పుడు చేయవలసినది

మొదట పలుచోట్ల గుంటలు తీసి, పాత నేల తగులువఱకు అంగుళములలో కొలువవలెను. పొర పలుచనైనచో లోతుగా దున్ని క్రింది మన్నుతో కలిపి, జనుము గాని పిల్లిపెసర గాని చల్లి, పూతకు వచ్చినప్పుడు కలియదున్నవలెను. పొర మందమైనచో దున్నుట వృథా, ఎత్తి తొలగింపవలెను.

అర్జీలో మాట సరిగా నుండవలెను. విపత్తు సహాయపు నియమములలో చిన్న, సన్నకారు రైతులకు 3 అంగుళములకు మించిన మేటను తొలగించుట యొక పద్దు; నది దారి మార్చి భూమి పోవుట వేరొక పద్దు; పంటనష్టము మఱియొకటి. "పొలము వరదకు చెడినది" అని మాత్రము వ్రాసినచో ఏ పద్దునకును సరిపడదు. మేటయో కోతయో స్పష్టముగా వ్రాసి, సర్వే నంబరు, విస్తీర్ణము, పొర మందము చూపి, ఇసుక నెత్తకముందే అధికారిచే ధ్రువీకరింపించుకొనవలెను. ఎత్తిన పిమ్మట కొలుచుట కేమియు మిగులదు.