మేపుచున్నను చిక్కిపోవు గుఱ్ఱము

పశుసంపద యనగానే పంచాయతీ సభ్యులకు ఎద్దులు, ఆవులు, గేదెలు, గొఱ్ఱెలు జ్ఞప్తికి వచ్చును. గుఱ్ఱమును లెక్కలో చేర్చువారు తక్కువ. కాని పాడేరు ప్రాంతపు కొండ గ్రామములలో మోటారు బండి ఎక్కలేని దారులందు బియ్యపు మూటలను, పసుపును, ఒక్కొక్కప్పుడు జబ్బుపడిన మనిషిని మోయునది పొట్టి గుఱ్ఱమే. అది నిలబడలేని నాడు ఆ యింటికి సంత లేదు.

అట్టి గ్రామమొకదానిలో మేమొక స్వారీ గుఱ్ఱమును చూచితిమి. వయస్సు తొమ్మిదేండ్లు. ప్రక్కటెముకలు లెక్కించుటకు వీలుగా తేలియుండెను, పిఱ్ఱలు పల్లములు పడెను. "దిష్టి తగిలింది బాబూ. ఉలవలు రెట్టింపు చేశాను, తాయెత్తు కట్టించాను, పురుగుల మందు రెండు మార్లు పోశాను. ఇంకా ఎండిపోతూనే ఉంది" అని యజమాని చెప్పెను. తాయెత్తు మాట యటుంచి, ఆయన చేసిన పొరపాటు ఏమనగా, కారణము తెలియకమునుపే చికిత్స మొదలిడుట. చదువుకొన్నవారును ఇదే చేయుదురు.

మొదట, గుఱ్ఱము నిజముగా ఎంత తగ్గినదో కొలువవలెను. దినదినము చూచు కంటికి మార్పు తెలియదు. దర్జీవాని టేపు చాలును. ముందుకాళ్ల వెనుకగా ఛాతి చుట్టుకొలతను, భుజపు మొన నుండి పిఱ్ఱ మొన వరకు పొడవును సెంటీమీటర్లలో తీసికొని, చుట్టుకొలతను చుట్టుకొలతతోనే హెచ్చించి, దానిని పొడవుతో హెచ్చించి, 11,880 చే భాగించినచో బరువు కిలోలలో సుమారుగా తేలును. చుట్టుకొలత 140, పొడవు 130 అయిన గుఱ్ఱము దాదాపు 214 కిలోలు తూగును. చుట్టుకొలత 134 కు దిగినచో బరువు 196 మాత్రమే. ఆరు సెంటీమీటర్లలో పదునెనిమిది కిలోలు పోయినవన్నమాట. పదునైదు దినముల కొకసారి కొలిచి వ్రాసియుంచవలెను.

పిమ్మట మేత. గుఱ్ఱము ఎద్దువలె నెమరువేయదు. దాని కడుపు చిన్నది. దినములో అధికభాగము కొంచెము కొంచెముగా మేయుట దాని స్వభావము. బరువులో నూటికి రెండు వంతుల చొప్పున ఎండుమేత లెక్కకు రావలెను. అందు హెచ్చుభాగము గడ్డియే కావలెను. తవుడే ముఖ్యాహారముగా పెట్టినచో సున్నపు అంశము కొరవడి ఎముకలు చెడును. రెండు గుఱ్ఱములను ఒకే తొట్టికి కట్టినచోట బలమైనది తినును, రెండవది చూచుచుండును. కావున యజమాని ఎంత పెట్టినాడని కాక, ఈ గుఱ్ఱము ఎంత తిన్నదని అడుగవలెను.

మేము చూచిన గుఱ్ఱము తొట్టి క్రింద సగము నమిలి ఉమిసిన గడ్డి ఉండలు పడియుండెను. లద్దిలో ఉలవలు నలుగక గింజలుగనే యుండెను. ఈ రెండును దంతముల దోషమునకు గురుతులు. గుఱ్ఱపు దవడపండ్లు అరుగుచు జీవితమంతయు పైకి వచ్చుచుండును. క్రింది దవడ ఇరుకగుటచే పై పండ్ల వెలుపలి అంచులు, క్రింది పండ్ల లోపలి అంచులు కత్తులవలె పదునెక్కి బుగ్గను, నాలుకను కోయును. పశువైద్యుడు వచ్చి ఆకురాయితో అరగదీసెను. లద్దిని పరీక్షకు పంపగా పురుగుల గ్రుడ్లు స్వల్పముగా మాత్రమే కనబడెను. పోసిన మందు వృథా.

కారణము దొరికినదని అందరును సంతసించిరి. మేమును సంతసించితిమి. కాని మూడు వారముల పిదప టేపు ముందుకు కదలలేదు. గుఱ్ఱము ఇప్పుడు చక్కగా నమలుచున్నది, ఆకలి బాగున్నది, అయినను చిక్కుచున్నది. కాళ్లకును, పొట్ట క్రిందను నీరు దిగెను. కనురెప్ప లోపలి భాగము పాలిపోయెను. ఆరోగ్యముగా నున్న గుఱ్ఱపు వేడిమి 99 మొదలు 101.5 డిగ్రీల ఫారన్‌హీటు వరకు నుండును. దీనికి రెండుమూడు దినములు జ్వరము కాయుట, మరల తగ్గుట. ఇది సర్రా యను వ్యాధిని సూచించెను. రక్తములో ఈదులాడు సూక్ష్మజీవియే దీనికి హేతువు. గ్రిఫిత్ ఇవాన్స్ అను పశువైద్యుడు 1880 లో నాటి అవిభక్త భారతదేశపు వాయవ్య సరిహద్దున గుఱ్ఱముల, ఒంటెల రక్తములో దీనిని కనుగొనెను. జోరీగలు దీనిని ఒక పశువు నుండి మరియొక పశువునకు మోయును. ఆవులు, గేదెలు పైకి జబ్బు చూపకయే దీనిని దాచియుంచవచ్చును.

ఇచ్చట ఒక మెలకువ. ఈ జీవి అన్ని దినములందును రక్తములో కానరాదు. జ్వరము వచ్చిన నాడు తీసిన రక్తమునందే దొరకు అవకాశము హెచ్చు. ఒకమారు లేదని వచ్చినంత మాత్రమున వ్యాధి లేదనుకొనరాదు. మా గుఱ్ఱమునకు రెండవ పరీక్షలోనే బయటపడెను. సూదిమందు మోతాదు బరువును బట్టి వైద్యుడే నిర్ణయింపవలెను. తక్కువైనచో వ్యాధి తిరుగబెట్టును.

చిక్కిపోవుటతోబాటు ముక్కునుండి జిగటగా చీమిడి కారుట, ముక్కులోపల పుండ్లు, కాళ్ల వెంబడి గడ్డలు కనబడినచో విషయము వేరు. అది గ్లాండర్స్ కావచ్చును. మనుష్యులకును సోకి ప్రాణము తీయగలదు. అట్టి గుఱ్ఱమును వెంటనే వేరుగా కట్టి, దాని నీళ్ల తొట్టిని, జీనును ఇతరములకు వాడనీయక, వట్టి చేతులతో తాకకుండవలెను. పశువుల అంటువ్యాధుల నివారణకై 2009 లో చేసిన చట్టము ప్రకారము యజమాని ఈ అనుమానమును గ్రామాధికారికి గాని, పంచాయతీకి గాని తెలుపవలెను. వారు దానిని సమీప పశువైద్యునకు వ్రాతమూలముగా తెలుపుదురు. గుఱ్ఱమును చంపుదురను భయముతో యజమానులు దాచుట కద్దు. పంచాయతీ సభ్యులు ముందుగా ఆ యింటికి పోయి కూర్చుండి మాటలాడినచోట దాచుట తగ్గును. సంచార పశువైద్య వాహనమునకు 1962 సంఖ్యకు ఫోను చేయవచ్చును.

సూదిమందు పడిన రెండు నెలలకు ఆ గుఱ్ఱపు చుట్టుకొలత నాలుగు సెంటీమీటర్లు పెరిగెను. ఆ వీధిలోని తక్కిన గుఱ్ఱముల రక్తమును పరీక్షింపగా పైకి పుష్టిగా కనబడిన మరియొక దానియందును సర్రా తేలెను. యజమాని మొదట నమ్మలేదు.