కూర కొనండి, అన్నం తెచ్చుకోండి: ఉప్పల్, నాచారం ఉద్యోగుల లంచ్‌కి చిట్కాలు

భారతీయులు రోజుకు ఏం తినాలో, ఎంత తినాలో లెక్కగట్టి చెప్పే జాతీయ పోషకాహార సంస్థ ఉన్నది తార్నాకలో. ఉప్పల్‌లో మెట్రో ఎక్కితే నాలుగో స్టేషన్. ఇంత దగ్గర్లో ఉండి కూడా ఉప్పల్ ఆఫీసుల్లో, నాచారం పారిశ్రామికవాడలో ఒంటిగంటకు మన ముందుకొచ్చే ప్లేటు నిండా తెల్లన్నమే. పక్కన నీళ్ల సాంబారు, చెంచాడు కూర, ఓ అప్పడం. రెండున్నరకల్లా కళ్లు వాలిపోతాయంటే పోవూ మరి! తిండికి ఈ వైపు కొరతేమీ లేదు. ఏది కొనాలి, ఏది ఇంటినుంచి తేవాలి అన్న లెక్కే తేల్చుకోవాలి.

1. అన్నం ఇంటిది, కూర బయటిది. మా చిట్కాలన్నిటిలో పెద్దది ఇదే. కిలో బియ్యం అరవై రూపాయలనుకున్నా, ఒక మనిషికి మధ్యాహ్నానికి సరిపడే వంద గ్రాములు ఆరు రూపాయలు. పొద్దున కుక్కర్ పెట్టడానికి పెద్ద శ్రమా లేదు. కష్టమంతా కూరల దగ్గరే: తరగాలి, తాలింపు వెయ్యాలి, గిన్నెలు తోమాలి. ఆ పని కర్రీ పాయింట్‌కి వదిలెయ్యండి. హబ్సిగూడ, రామంతాపూర్, చిలుకానగర్, హెచ్‌ఎంటీ నగర్... కర్రీ పాయింట్ లేని కాలనీ కోసం వెతుక్కోవాలి. ముగ్గురు కలిస్తే ఇంకా మేలు. ఒకరు పప్పు, ఒకరు కూర, ఒకరు పులుసో రసమో తెస్తే ముగ్గురికీ మూడు రకాలు, ఖర్చు ఒక్కో ప్యాకెట్టుది.

ప్యాకెట్ ఎంచుకోవడంలోనూ తెలివి ఉంది. ముందు ఆకుకూర పప్పు అడగండి: పాలకూర, తోటకూర, చుక్కకూర, గోంగూర, ఏది ఉంటే అది. తర్వాత బీరకాయ, సొరకాయ, పొట్లకాయ కూరల్లో ఒకటి. బెండకాయ, దొండకాయ వేపుళ్లు కరకరలాడుతూ నోరూరిస్తాయి గానీ, చాలాచోట్ల వాటిని నూనెలో ముంచి తీసి పల్లీలు చల్లుతారు. అవి వారానికోసారి చాలు. పన్నెండు, పన్నెండున్నర మధ్య వెళితే కూరలన్నీ ఉంటాయి, వేడిగానూ ఉంటాయి. రెండు దాటాక అడుగున మిగిలిన కూర జోలికి పోవద్దు.

2. స్టీలు డబ్బా తీసుకెళ్లండి. పొగలు కక్కే సాంబారును పల్చటి కవర్లో పోసి ముడేయించుకోవడం మంచి అలవాటు కాదు. డబ్బా చేతికిస్తే గరిటె కూడా కాస్త నిండుగా పడుతుంది.

3. తార్నాక లెక్క గుర్తుంచుకోండి. ఆ సంస్థ 2024లో భారతీయ వైద్య పరిశోధన మండలితో కలిసి విడుదల చేసిన మార్గదర్శకాల ప్రకారం, రోజుకు 2000 క్యాలరీలు చాలే మనిషికి ధాన్యాలు 250 గ్రాములు, కూరగాయలు 400 గ్రాములు, పప్పులు, గుడ్లు, మాంసం కలిపి 85 గ్రాములు, పాలు లేదా పెరుగు 300 మిల్లీలీటర్లు. వీటికి తోడు పళ్లు 100 గ్రాములు, గింజలు 35, నూనె 27. ఇవన్నీ వండకముందు తూకాలు. పొద్దున తిన్న ఇడ్లీ, రాత్రి తినబోయే చపాతీ కూడా ఆ 250లోకే వస్తాయి. మెస్‌లో రెండోసారి అన్నం పెట్టించుకునే ముందు ఈ సంగతి ఒకసారి తలుచుకుంటే చాలు.

4. మెస్‌లో ఫుల్ మీల్స్ వద్దు. అన్‌లిమిటెడ్ అని బోర్డు కనిపిస్తే, ఇచ్చిన డబ్బులు రాబట్టుకోవాలని మనకే అనిపిస్తుంది. రాబట్టేది అన్నంతోనే! ప్లేట్ మీల్స్ తీసుకుని, మిగిలిన డబ్బుతో ఒక కూర, ఒక కప్పు పెరుగు అదనంగా చెప్పండి. "అన్నా, అన్నం తక్వ పెట్టు, పప్పు ఇంకో గరిటె వెయ్" అని అడగడానికి మొహమాటం ఎందుకు? రోజూ వచ్చే మనిషి మాట ఏ ఓనరైనా వింటాడు.

కొత్త మెస్ మంచిదో కాదో తెలియాలంటే లోపల ఎవరు తింటున్నారో చూడండి. ఆటోడ్రైవర్లు, సెక్యూరిటీ గార్డులు, ఫ్యాక్టరీ షిఫ్టు దిగిన వాళ్లు బెంచీల మీద కిక్కిరిసి ఉంటే ధైర్యంగా కూర్చోవచ్చు. వాళ్లు రోజూ సొంత డబ్బుతో తింటారు, కడుపు చెడితే ఆ పూట కూలి పోతుంది. ఆన్‌లైన్‌లో చుక్కల రేటింగులకంటే మాకు ఆ బెంచీల మీదే నమ్మకం.

5. జొన్నరొట్టె దొరికితే వదలొద్దు. రొట్టెల బండ్లు ఎక్కువగా సాయంత్రం పూట పెడతారు కాబట్టి మధ్యాహ్నం కాల్చే చోటు ఒకటి చూసి పెట్టుకోండి. రెండు రొట్టెలు, గిన్నెడు పప్పు, ఓ ఉల్లిపాయ ముక్క ఉంటే సాయంత్రం దాకా ఆకలి వెయ్యదు. అదే జొన్నను మిల్లెట్ పేరు పెట్టి మూడింతల ధరకు అమ్మేచోట మాత్రం దండం పెట్టి వచ్చెయ్యండి.

6. ఉడికించిన గుడ్డు డబ్బాలో పెట్టుకోండి. ఒక్కో గుడ్డులో దాదాపు 6 గ్రాముల ప్రొటీన్ ఉంటుంది. గుడ్డు తినని వాళ్లు పొద్దున్నే గుప్పెడు శనగలు ఉడికించి తాలింపు వేసి తెచ్చుకోవచ్చు.

7. ఫాస్ట్‌ఫుడ్ బండి దగ్గర మూకుడులోకి తొంగిచూడండి. వాడిన నూనెలో చెడు సమ్మేళనాలు 25 శాతం దాటితే దాన్ని పారెయ్యాలని 2018 నుంచి ఆహార భద్రత నిబంధన ఉంది. మన దగ్గర మీటర్ ఉండదు గానీ కళ్లున్నాయి: నూనె నల్లబడి, చిక్కబడి, నురగ కడుతుంటే వెనక్కి తిరగండి. ఇక మయోనైజ్. పచ్చిగుడ్డుతో చేసే మయోనైజ్‌ను తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబరు 30 నుంచి ఏడాదిపాటు నిషేధించింది. ఎండలో గంటల తరబడి బండిమీద ఉన్న సీసాలోది దేంతో చేసినా వద్దనే చెప్పండి.

8. భోజనం కాగానే చాయ్ తాగకండి. టీ, కాఫీల్లోని టానిన్లు తిండిలోని ఇనుమును ఒంటికి పట్టనివ్వవు. భోజనానికి ముందు గంట, తర్వాత గంట ఆగమని తార్నాక సంస్థ మార్గదర్శకాలే చెబుతున్నాయి. రక్తహీనత ఉన్న ఆడవాళ్లు ఇది తప్పక పాటించాలి. చేతులు కడుక్కోగానే ఇరానీ హోటల్‌కి నడిచే అలవాటును మూడున్నరకి జరపండి.

9. పళ్లు కోసినవి వద్దు, కాయలే కొనండి. జామకాయ, అరటిపండు చాలు. కూల్‌డ్రింక్ బదులు మజ్జిగ.

10. యాప్‌లో ఆర్డర్ పెట్టేముందు అదే హోటల్ మెనూ ధర ఒకసారి చూడండి. చాలాసార్లు యాప్‌లో ఎక్కువ ఉంటుంది, పైన డెలివరీ చార్జీలు. తప్పదనుకుంటే నలుగురు కలిసి పెట్టండి.

11. ఐదు రూపాయల భోజనాన్ని చిన్నచూపు చూడొద్దు. జీహెచ్‌ఎంసీ, హరేకృష్ణ సంస్థ కలిసి 2014లో అన్నపూర్ణ పేరుతో మొదలుపెట్టిన కేంద్రాలు 2025లో ఇందిరమ్మ క్యాంటీన్లయ్యాయి. అన్నం, సాంబారు, కూర, పచ్చడి పెడతారు. పక్కన మీ డబ్బాలోంచి ఓ గుడ్డు, కాస్త పెరుగు తీసి కలుపుకుంటే ఈ చుట్టుపక్కల ఇంతకన్నా చవకగా మంచి భోజనం దొరకదు.

12. క్యాంటీన్ అడగండి. 250 మందికి పైగా పనిచేసే ఫ్యాక్టరీల్లో క్యాంటీన్ పెట్టించేందుకు 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలోనే వీలుండేది. 2025 నవంబరులో అమల్లోకి వచ్చిన కొత్త లేబర్ కోడ్ ఆ సంఖ్యను 100కి దించింది, కాంట్రాక్టు కార్మికులనూ లెక్కలో కలిపింది. నాచారం, మల్లాపూర్‌లలో మీ యూనిట్‌లో నూరుమంది ఉంటే నలుగురు కలిసి వెళ్లి మేనేజర్‌ను అడగండి. క్యాంటీన్ వచ్చాక దాని కమిటీలో మీలో ఒకరు కూర్చుని, రోజూ ఓ ఆకుకూర వండించండి.