టేపు ఎక్కడ మొదలైంది, ఎక్కడ ఆగింది

గండిపేట

చిరంజీవి మనవరాలికి తాత ఆశీర్వదించి రాయునది.

మొన్న ఫోనులో నువ్వడిగిన దానికి రెండు ముక్కల్లో జవాబు చెప్పొచ్చు. కానీ లెక్కలున్న విషయం చెవికంటే కంటికి బాగా అందుతుందని కాగితం మీద పెడుతున్నాను. అమెరికాలో, ఎడిసన్‌లో మీ మేనత్త వాళ్ల ఇల్లు 1650 చదరపు అడుగులు. నార్సింగిలో మీ చిన్నాన్న తీసుకున్న ఫ్లాటు కూడా 1650 చదరపు అడుగులే. మరి అక్కడ పది మంది చుట్టాలు దిగినా ఇంకా చోటు మిగిలిందేమిటి, ఇక్కడ డైనింగ్ టేబులు వేస్తే నడిచే దారి లేదేమిటి అని కదా నీ ప్రశ్న. సివిల్ మొదటి ఏడాదిలోనే ఈ అనుమానం వచ్చిందంటే నాకు చాలా సంతోషం, బిడ్డా.

ముందు ఒక్క గది తీసుకుందాం. లోపల గోడ నుంచి గోడకు 12 అడుగులు, ఇటు 14 అడుగులు. లోపలి చోటు 168 చదరపు అడుగులు. ఆ గదికి నాలుగు పక్కలా 9 అంగుళాల ఇటుక గోడ ఉందనుకో. బయటి అంచు నుంచి బయటి అంచుకు టేపు వేస్తే పదమూడున్నర, పదిహేనున్నర. గుణిస్తే 209 దాటుతుంది. గోడ మధ్య నుంచి గోడ మధ్యకు కొలిస్తే 188. గది మారలేదు, అందులో పట్టే మంచం మారలేదు. లెక్క మాత్రం మూడు రకాలుగా వచ్చింది. మన పాత పెంకుటింటి రాతి గోడలు మూరెడు మందం. అదే గదికి ఆ గోడలుంటే బయటి కొలత 15 ఇంటు 17, అంటే 255. లోపలి చోటులో సగానికి పైగా చోటు ఒక్క గోడలకే పోయింది చూశావా!

లోపలి నుంచా, బయటి నుంచా, మధ్య నుంచా? ఇళ్ల కొలతల్లో వచ్చే తేడాలు సగం ఇక్కడ పుట్టినవే. మిగతా సగం, దేన్ని లెక్కలో కలుపుతారు, దేన్ని వదిలేస్తారు అన్న దగ్గర పుడతాయి. ఈ రెండూ తెలియకుండా ఎవరైనా ఇంటికి ఒక అంకె చెబితే అది సగం మాటే.

ఇక చిన్నాన్న ఫ్లాటు. బ్రోచర్‌లో వేసిన 1650 సూపర్ బిల్టప్ ఏరియా. దాన్ని విప్పి చూద్దాం. ఇవి నీకు అర్థం కావడానికి నేను వేసుకున్న అంకెలు, ఒక్కో బిల్డర్‌కు ఒక్కో తీరుగా ఉంటాయి. గదులన్నీ కలిపి కార్పెట్ ఏరియా 1150. బాల్కనీ, యుటిలిటీ 100. బయటి గోడలు 70. మొత్తం 1320, ఇది బిల్టప్. దీని మీద లిఫ్టు, మెట్లు, కారిడార్, క్లబ్ హౌస్, సెక్యూరిటీ గది వగైరా అందరి వాటా కింద నూటికి పాతిక చొప్పున 330 కలిపారు. 1650 అయింది. అడుగు 8,000 అంటే ధర కోటీ 32 లక్షలు. అదే డబ్బును 1150తో భాగిస్తే అడుగు దాదాపు 11,500 పడింది. నువ్వు చీపురుతో ఊడ్చే నేల దాదాపు ఆ 1150, దానికి బాల్కనీ, అంతే.

2016లో వచ్చిన రెరా చట్టం ఈ చిక్కు విప్పడానికే కార్పెట్ ఏరియాకు ఒక నిర్వచనం ఇచ్చింది. బయటి గోడలు, పైపులు దిగే షాఫ్టులు, ఆ ఫ్లాటుకే చెందిన బాల్కనీ, వరండా, ఓపెన్ టెర్రస్ ఇందులో చేరవు. లోపలి అడ్డుగోడలు మాత్రం చేరతాయి. ఈ చివరి మాట గుర్తుంచుకో. నాలుగున్నర అంగుళాల అడ్డుగోడ పదడుగుల పొడవుంటే దాదాపు నాలుగు చదరపు అడుగులు తింటుంది. అందుకే గది గదికీ కొలిచి కూడితే వచ్చే మొత్తం, అగ్రిమెంటులో రాసిన కార్పెట్ ఏరియా కంటే కొంచెం తగ్గుతుంది. అది మోసం కాదు, నిర్వచనమే అంత. అయితే చట్టం వచ్చి ఇన్నేళ్లయినా మన దగ్గర బేరం మాత్రం ఇంకా సూపర్ బిల్టప్ మీదే నడుస్తోంది. సీబీఐటీ గేటు దాటి ఇటు వస్తే రోడ్డుకు రెండు పక్కలా హోర్డింగులున్నాయి కదా, వాటి మీద కార్పెట్ ఏరియా ఎందులో రాశారో ఈసారి వచ్చినప్పుడు చదువుతూ రా.

ఇప్పుడు మేనత్త ఇల్లు. అమెరికాలో విడి ఇళ్లను కొలవడానికి ఏఎన్‌ఎస్‌ఐ జడ్ 765 అనే ప్రమాణం ఉంది. ఇళ్ల అప్పులను కొనే ఫ్యానీ మే సంస్థ 2022 ఏప్రిల్ నుంచి తన కోసం చేసే ఇంటి విలువ అంచనాలకు దీన్ని తప్పనిసరి చేసింది. టేపు బయటి గోడ మీద వేస్తారు, అంటే గోడ మందం లెక్కలో ఉంటుంది. వాళ్లవి చాలావరకు చెక్క ఫ్రేముల పల్చటి గోడలు, కాబట్టి పోయేది తక్కువ. గ్యారేజీ కలపరు. రెండంతస్తుల ఎత్తున్న హాలుంటే పైన ఖాళీని రెండోసారి లెక్కపెట్టరు. అసలు సంగతి బేస్‌మెంటు. ఒక అంతస్తులో కొంత భాగమైనా నేల మట్టానికి కిందికి ఉంటే ఆ అంతస్తు మొత్తాన్నీ ప్రధాన లెక్కలోంచి తీసి విడిగా చూపిస్తారు. మేనత్త వాళ్ల బేస్‌మెంటులో కార్పెట్ ఉంది, బాత్రూం ఉంది, దేవుడి మందిరం ఉంది, చుట్టాలు పడుకున్నదీ అక్కడే. 1650లో అది లేదు. ఇక్కడ లిఫ్టు ముందు నిలబడే చోటు కూడా కలిపి 1650, అక్కడ ఒక అంతస్తంత చోటు వదిలేసి 1650. నీ ప్రశ్నకు జవాబు ఇదే.

ఐరోపాలో ఇంటి లెక్క తలెత్తి చూసి వేస్తారు. మంచు జారిపోవాలని ఏటవాలు కప్పులు వేసుకున్న ఊళ్లలో, అటక గదిలో మనిషి నిలబడలేని మూలను ఇల్లనాలా వద్దా అన్నది వాళ్లకు పెద్ద ప్రశ్న. జర్మనీలో 2004 నుంచి అమల్లో ఉన్న నివాస విస్తీర్ణం నిబంధన ప్రకారం కప్పు ఎత్తు రెండు మీటర్లు, ఆపైన ఉంటే ఆ చోటు మొత్తం లెక్కకు వస్తుంది. ఒకటి నుంచి రెండు మీటర్ల మధ్య ఉంటే సగం. మీటరు లోపు సున్నా. బాల్కనీ మామూలుగా పావు వంతు, ఎంత ఎక్కువ పట్టినా సగం దాటకూడదు. ఫ్రాన్స్‌లో 1996 నాటి కారెజ్ చట్టం ఇంకా గట్టిది. అపార్టుమెంటు అమ్మేవాడు గోడలు, మెట్లు మినహాయించి, 1.80 మీటర్ల కంటే తక్కువ ఎత్తున్న చోటు వదిలేసి అసలు కొలత కాగితం మీద రాయాలి. అది ఇరవయ్యో వంతుకు మించి తగ్గిందని తేలితే కొన్నవాడు ఏడాది లోపు కోర్టుకు వెళ్లి ఆ మేరకు ధర తగ్గించుకోవచ్చు. నన్నడిగితే ఇళ్ల కొలతల మీద వచ్చిన చట్టాల్లో నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే. తేడా వస్తే డబ్బు తిరిగొస్తుందన్న భయం ఉన్నప్పుడే టేపు తిన్నగా పడుతుంది.

ఇంకో మాట. నీ స్నేహితురాలు ఎమ్మెస్‌కు జర్మనీ వెళ్తోందన్నావు. అక్కడ రెండు గదుల ఇల్లంటే మన టూ బీహెచ్‌కే అనుకోవద్దని చెప్పు. వంటగది, బాత్రూం గదుల లెక్కలోకి రావు గానీ హాలు వస్తుంది. అంటే అది మన సింగిల్ బెడ్రూం.

జపాన్‌లో గదిని చాపలతో లెక్కపెడతారు. ఆరు చాపల గది, ఎనిమిది చాపల గది అంటారు. ఇళ్ల ప్రకటనల్లో ఒక చాపంటే కనీసం 1.62 చదరపు మీటర్లు ఉండాలన్నది నియమం. మన 168 అడుగుల గది తొమ్మిదిన్నర చాపలవుతుంది. స్థలాన్ని త్సుబోల్లో కొలుస్తారు, త్సుబో అంటే 3.3 చదరపు మీటర్లు. దాదాపు మన నాలుగు గజాలు. ఫ్లాటు ప్రకటనలో కొలత గోడ మధ్య నుంచి ఉంటుంది, రిజిస్ట్రేషన్ కాగితంలో గోడ లోపలి నుంచి ఉంటుంది. కొన్నవాడి చేతిలో రెండు అంకెలుంటాయి, రెండూ సరైనవే. కొరియాలో ఇదే 3.3 మీటర్ల కొలతను ప్యోంగ్ అంటారు. 2007లో ప్రభుత్వం వ్యాపారంలో దాన్ని వాడొద్దని ఆపేసి మీటర్లే రాయమంది. జనం నోట మాత్రం ఇప్పటికీ ప్యోంగే. అక్కడ బాగా అమ్ముడుపోయే 84 మీటర్ల ఫ్లాటు లెక్క ప్రకారం ఇరవై అయిదు ప్యోంగులే, కానీ దాన్ని 33, 34 అంటారు. మెట్లు, కారిడార్ల వాటా కలిపిన అంకె అది. మన సూపర్ బిల్టప్‌కు అక్కడొక తోబుట్టువు ఉందన్నమాట. హాంకాంగ్‌లోనూ ఇదే రోగం ముదిరితే 2013 ఏప్రిల్ నుంచి కొత్త ఫ్లాట్ల ధరల పట్టికలో, ప్రకటనల్లో ఒక్క నికర విస్తీర్ణమే రాయాలని చట్టం తెచ్చారు. మన హోర్డింగులకు అలాంటి రోజు రావాలని నాకు గట్టిగా ఉంది.

ఇప్పటిదాకా నేల మీద గచ్చు సంగతే చెప్పాను. మన దగ్గర ఇంటి విలువ కింద ఉన్న భూమిలో కూడా ఉంది. అది గజాల్లో నడుస్తుంది. గజమంటే తొమ్మిది చదరపు అడుగులు. గుంట 121 గజాలు, ఎకరానికి 40 గుంటలు. అరవై ఆరు అడుగుల గంటర్ గొలుసును సగానికి మడిచి నాలుగు వైపులా వేస్తే 33 ఇంటు 33 అడుగులు, సరిగ్గా గుంట. నేను సర్వే నేర్చుకున్నప్పుడు మా మేస్త్రీ ఇలాగే చూపించాడు, మళ్లీ మర్చిపోలేదు. ఆంధ్ర వైపు వెళ్తే సెంట్లు అంటారు, సెంటు 48.4 గజాలు.

సేల్ డీడ్ చివర షెడ్యూలు చదవడం అలవాటు చేసుకో. కామన్ ఏరియా, పార్కింగ్ కలుపుకొని ఇన్ని అడుగుల ప్లింత్ ఏరియా, విభజించని వాటా ఇన్ని చదరపు గజాలు అని ఉంటుంది. ఆ వాటానే యూడీఎస్ అంటారు. ఎకరంలో 40 సమానమైన ఫ్లాట్లుంటే ఒక్కొక్కరికి గుంట భూమి. అదే ఎకరంలో 240 ఫ్లాట్లు లేపితే మనిషికి ఇరవై గజాలు. రెండు చోట్లా ఫ్లాటు 1650 అడుగులే కావచ్చు. యాభై ఏళ్ల తర్వాత కట్టడం పాతబడ్డాక చేతిలో మిగిలేది ఆ గజాలు. 2023 ఆగస్టులో కోకాపేట వేలంలో ఎకరం 100 కోట్లు దాటింది. గజం రెండు లక్షలకు పైమాటే! అలాంటి చోట యూడీఎస్ అడగకుండా సంతకం పెట్టడం ఏం న్యాయం చెప్పు?

మన గండిపేటలో ఇంకొక కొలత ఉంది. మూసీ వరద తర్వాత కట్టించి 1920లో పూర్తయిన ఉస్మాన్ సాగర్ మన పెరట్లోనే ఉంది. దాని పూర్తి నీటిమట్టం 1790 అడుగులు. ఆ మట్టం దాకా నీళ్లు తాకే గీత లోపల, గీత నుంచి 30 మీటర్ల బఫర్ లోపల ఎన్ని వేల అడుగుల ఇల్లు కట్టినా అది ఇల్లు కాదు. 2024లో ఖానాపూర్, చిలుకూరు వైపు హైడ్రా సంస్థ కూల్చిన కట్టడాలు నువ్వూ టీవీలో చూశావు. 1996 నాటి 111 జీవో ఈ చెరువు, దాని జంట జలాశయం చుట్టూ 84 ఊళ్లలో కట్టడాన్ని స్థలంలో సగానికి పరిమితం చేసింది. వెయ్యి గజాల ప్లాటంటే 9,000 అడుగులు, అన్ని అంతస్తులూ కలిపి 4,500 అడుగులే కట్టాలి. 2022లో 69 నంబరు జీవో ఆ ఆంక్షలు ఎత్తేసింది. నీళ్లు చెడగొట్టకూడదన్న షరతు మాత్రం ఉంచింది. ఈ చెరువు నీళ్లు తాగి పెరిగినవాణ్ని, ఆ షరతు కాగితం మీదే ఉండిపోకూడదని కోరుకుంటున్నాను.

చిన్నాన్నకు తాళాలు వచ్చాయట. వార్డ్‌రోబులు పెట్టక ముందే ఈ ఆదివారం వెళ్లి కొలువు. టేపు నేల మీద కాకుండా గోడ మీద, మోకాలెత్తున పట్టుకో, లేకపోతే స్కర్టింగ్ టైలు అడ్డొస్తుంది. ప్రతి గదికీ మూలకు మూలకు కూడా కొలువు. 12 ఇంటు 14 గదికి అది 18 అడుగుల అయిదుంబావు అంగుళాలు రావాలి. రెండు ఐమూలల కొలతలకూ తేడా వస్తే గది వంకర ఉన్నట్టు. బాల్కనీ, యుటిలిటీ వేరే కాగితం మీద రాయి. అడ్డుగోడల మందం తలుపు చట్రాల దగ్గర తెలుస్తుంది. అంకెలు నాకు వాట్సాప్‌లో పంపు. నువ్వొక లెక్క వెయ్యి, నేనొకటి వేస్తాను, రెండూ అగ్రిమెంటు పక్కన పెట్టి చూద్దాం.

ఇట్లు,
మీ తాత