ఆలివు నూనెలో నిలువచేసిన సార్డీను చేప: పర్యుషితమా, పథ్యమా?

ఈ వ్యాసము వ్రాయుటకు కారణము, సుమారు రెండు సంవత్సరముల క్రితము నేనిచ్చిన ఒక తొందరపాటు సలహా.

భీమునిపట్నం ప్రాంతమునకు చెందిన 68 సంవత్సరముల గృహిణి ఒకరు, భర్త గతించిన తరువాత హైదరాబాదులో కుమారుని ఇంట ఉంటున్నారు. స్నానాల గదిలో జారిపడగా ముంజేతి ఎముక విరిగినది. కట్టు విప్పిన తరువాత, ఎముకల పుష్టికి ఏమి తినవలెనో అడుగుటకు నా వద్దకు వచ్చినారు. పాలు త్రాగిన ఆమెకు కడుపు ఉబ్బరించును. సముద్రతీరమున పుట్టి పెరిగినందున చేపలయందు ప్రీతి మెండు. కాని కట్టుడు పళ్ళు పెట్టించుకొన్న నాటినుండి, ముల్లు గొంతులో గ్రుచ్చుకొనునేమో అను భయముతో వాటిని మానివేసినారు. పోర్చుగల్ దేశములోని పోర్టో నగరమున చదువుకొనుచున్న మనుమరాలు సెలవులకు వచ్చినపుడు, ఆలివు నూనెలో నిలువచేసిన సార్డీను చేపల డబ్బాలు ఆరు తెచ్చినది. ముల్లుతో సహా తినవచ్చునని చెప్పినదట. తినవచ్చునా అన్నది ఆమె ప్రశ్న.

నేను ఆ డబ్బాను చేతిలోనికైనను తీసికొనలేదు. "అమ్మా, అది ఎప్పుడో వండి మూసిపెట్టినది. పర్యుషితాన్నమంటారు దానిని. మీకు పనికిరాదు, ఎవరికైనా ఇచ్చివేయండి" అన్నాను.

ఆమె కొంచెము సేపు ఊరుకొని, "ఏమండీ వైద్యులుగారూ, ఆవకాయ ఏడాది పొడుగునా నూనెలోనే ఉంటుంది కదండీ. మీరిచ్చిన లేహ్యం కూడా సీసాలో ఆరు నెలలనుంచీ ఉంది. వాటికి లేని దోషం ఈ చేపకెందుకు వచ్చిందండీ?" అన్నారు.

నా వద్ద సమాధానము లేదు. నవ్వి ఊరుకొన్నాను. ఆమె డబ్బా చేతిసంచిలో పెట్టుకొని వెళ్ళిపోయినారు. ఎముక విరిగి, పాలు పడక, చేప మానిన మనిషికి ఇంటిలోనున్న ఒక మంచి ఆహారమును శాస్త్రము పేరు చెప్పి దూరము చేసితినేమో అను సందేహము మాత్రము నన్ను వదలలేదు.

పర్యుషితమనగా రాత్రి గడచినది, చద్దిపడినది అని అర్థము. రుచి, వాసన చెడి, మార్పు చెందిన ఆహారమును పెద్దలు నిషేధించినారు. చరకసంహిత విమానస్థానము మొదటి అధ్యాయములో ఆహారమును పరీక్షించుటకు ఎనిమిది అంశములు చెప్పబడినవి. వాటిలో ప్రకృతి తరువాత చెప్పబడినది కరణము, అనగా సంస్కారము. నీరు, అగ్ని, శుద్ధి, మథనము, కాలము, పాత్ర మొదలగు వానిచే పదార్థమునకు కొత్త గుణము కలుగునని శాస్త్రాభిప్రాయము. అట్లయిన, ఒక చేప డబ్బాలోనికి ఏ సంస్కారముతో వెళ్ళినదో తెలిసికొనక పర్యుషితమని తీర్పు చెప్పుట వైద్యుని పని కాదు. నేను చేసినది సరిగ్గా అదే.

ఆహారమును గాలి చొరకుండ మూసి, వేడిచేసి నిలువయుంచు విధానమును కనుగొన్నవాడు ఫ్రాన్సు దేశపు మిఠాయి వ్యాపారి నికొలా అపేర్. ఆతడు 1810లో తన పద్ధతిని గ్రంథరూపమున వెల్లడించి, ప్రభుత్వమునుండి 12,000 ఫ్రాంకుల బహుమానము పొందినాడు. సూక్ష్మజీవులవలన ఆహారము చెడునని పాశ్చర్ నిరూపించుటకు అర్ధశతాబ్ది ముందటి మాట ఇది. తన పద్ధతి ఎందువలన ఫలించుచున్నదో అపేర్‌కే తెలియదు! ఆతడు వాడినది గాజు సీసాలు. తగరపు పూత గల రేకు డబ్బాలు ఇంగ్లండునుండి వచ్చినవి. 1820 దశకములో ఫ్రాన్సులోని నాంత్ నగరమున జోసెఫ్ కొలాన్ అను వర్తకుడు సార్డీను చేపలను నూనెలో ఉంచి డబ్బాలకెత్తు పరిశ్రమను నెలకొల్పినాడు. 1880 తరువాత బ్రిటనీ తీరమున ఈ చేప కరవు కాగా, ఫ్రెంచి వ్యాపారులు పోర్చుగల్‌లోని సెతూబల్ మొదలగు రేవులకు తరలినారు. పోర్టో ప్రక్కనే గల మతోజిన్యూష్ రేవులో ఈ పరిశ్రమ నేటికిని కలదు. అక్కడ 1920లో స్థాపింపబడిన పిన్యాయిష్ కర్మాగారములో చేపలను ఇప్పటికిని చేతితోనే అమర్చెదరు.

మేలురకపు సరుకు తయారగు తీరు ఇది. వేసవిలోను, ఆ పిదపను చేపలో కొవ్వు బాగుగ పట్టియుండును. వేట అప్పుడు సాగును. ఒడ్డునకు చేరిన చేపకు వెంటనే తల, ప్రేగులు తీసి, ఉప్పునీటిలో కొంతసేపు ఉంచి, కడిగి, తీగెల చట్రములపై పేర్చి ఆవిరిపై ఉడికింతురు. బ్రిటనీ సంప్రదాయములో ఆవిరికి బదులు నూనెలో వేయించుట కలదు. నీరు ఓడ్చిన పిదప, స్త్రీలు ఒక్కొక్క చేపను చేతితో తీసి, తోక కత్తిరించి, డబ్బాలో వరుసగ పేర్చెదరు. పైన ఆలివు నూనె నింపి, మూత బిగించి, మరుగు నీటికంటె ఎక్కువ వేడిగల ఆవిరి యంత్రములో శుద్ధి చేయుదురు. ఈ రెండవ పాకముతోనే లోపలి సూక్ష్మజీవులు నశించును, వెన్నెముక మెత్తబడును.

చిత్రమేమనగా, డబ్బా అప్పుడే తినుటకు సిద్ధమైనను, ఎరిగినవారు వెంటనే తినరు. కొన్ని నెలలు గడచిన గాని నూనె మాంసములోనికి, మాంసములోని సారము నూనెలోనికి చేరవు. కొందరు సంవత్సరముల కొలది దాచి, అప్పుడప్పుడు డబ్బాను తలక్రిందులు చేయుచుందురు. ఫ్రాన్సులో పట్టిన సంవత్సరమును ముద్రించి అమ్ము డబ్బాలు కూడ కలవు. మన ఇండ్లలో కొత్త ఆవకాయను ఊరనిచ్చిన పిదపనే తీయు అలవాటు ఈ సందర్భమున గుర్తునకు రాక మానదు.

అయితే ఆ తల్లి చెప్పిన ఆవకాయ ఉపమానము సగమే సరియైనది. ఆవకాయను కాపాడునది ఉప్పు, పులుపు. నూనె వానికి తోడు మాత్రమే. చేపలో పులుపు లేదు. చేపను వండి కేవలము నూనెలో ముంచి మూతపెట్టిన, గాలి తగలని ఆ చోటనే క్లాస్ట్రిడియం బొట్యులినం అను ప్రాణాంతక క్రిమి పెరుగును. డబ్బాలోని చేపను కాపాడినది నూనె కాదు. మూత బిగించిన పిదప జరిగిన అగ్నిసంస్కారము. అందువలన అది పర్యుషితము కాదని నేడు నా అభిప్రాయము. మూత తెరచిన క్షణమునుండి మాత్రము తప్పక పర్యుషితమగుటకు మొదలిడును.

వారము తిరుగకముందే నేనే ఆమె ఇంటికి వెళ్ళి, తప్పు ఒప్పుకొని, ఒక డబ్బా తెరిపించినాను. నేను మత్స్యాహారినే. నీచువాసన గుప్పుమనునని ఊహించితిని, రాలేదు. వెండివన్నె చర్మము చెదరక, నాలుగు చేపలు ఒకదాని ప్రక్కన ఒకటి ఒత్తుగ ఉన్నవి. అట్లకాడ పెట్టి మెల్లగ ఎత్తిన విరుగలేదు. ముల్లు నాలుకకు తగిలినను పంటిక్రింద పెసరపప్పువలె నలిగిపోయినది. ఆమె వేడి అన్నములో ఒక చేపను మెదిపి, రెండు చెంచాల డబ్బానూనె, నిమ్మరసము, మిరియాల పొడి, సన్నగ తరిగిన ఉల్లిపాయ కలుపుకొన్నారు. మొదటి ముద్దను చాలసేపు భయముతో నమిలినారు. రెండవ ముద్ద వేళకు మాటలాడుట మానినారు. ఆహారమును మనస్సు లగ్నముచేసి తినవలెనని చరకుడు చెప్పిన నియమమును ఆనాడు కన్నులార చూచితిని. పోర్చుగల్ వాసులు దీనిని రొట్టెతోను, ఉడికించిన బంగాళాదుంపతోను తినెదరు. మన జొన్నరొట్టెతో కూడ బాగుండును. పులుసు పెట్టుట, మరల వేయించుట మాత్రము తగదు. ఖరీదైన వస్తువు పిండి పిండియగును.

ఇక గుణములు. సముద్రపు చేపలు గురువులు, స్నిగ్ధములు, మధురములు, ఉష్ణములు, వాతహరములు, వృష్యములు. మిక్కిలి పిత్తకరములు కావు గాని శ్లేష్మమును పెంచునని సుశ్రుతుడు చెప్పినాడు. వార్ధక్యము వాతప్రధానము, అస్థి వాతస్థానము. కనుక స్నిగ్ధమైన ఈ ఆహారము వృద్ధులకు తగినదే. ఆధునిక లెక్కల ప్రకారము 100 గ్రాముల చేపలో, నూనె ఓడ్చిన తరువాత, సుమారు 24 గ్రాముల మాంసకృత్తులు, 380 మిల్లీగ్రాముల కాల్షియం, 8 మైక్రోగ్రాములకు పైగా బి12 విటమిన్, కొంత డి విటమిన్, ఒక గ్రాముకు దగ్గరగా ఒమేగా-3 కొవ్వులు ఉండును. ఋతుస్రావము ఆగిన స్త్రీలకు దినమునకు కావలసిన కాల్షియం 1200 మిల్లీగ్రాములు. సాధారణమైన ఒక డబ్బాలో చేప 90 గ్రాములుండును గనుక, అందులో నాలుగవ వంతుకు పైగా లభించును. ఈ కాల్షియం ఉన్నది ముల్లులోనే. ముల్లు, చర్మము తీసినదని వ్రాసిన డబ్బాను ఎముకలకొరకు కొనుట వ్యర్థము.

ఆలివు నూనె మన సంహితలలో కానరాదు. తైలములలో మనకు శ్రేష్ఠము తిలతైలము. ఆలివు నూనెలో అధికముగ నుండు ఓలియిక్ ఆమ్లము గుండెకు హితమని నేటి వైద్యులు చెప్పుదురు. చేపలోని మేలైన కొవ్వు కొంత ఆ నూనెలోనికి దిగియుండును గనుక పారబోయక అన్నములో కలుపుకొనవచ్చును. స్థూలకాయులు ఓడ్చివేయుట మంచిది.

చరకుడు సూత్రస్థానము ఐదవ అధ్యాయములో నిత్యము అలవాటు చేసికొనరాని వస్తువులలో చేపను, పెరుగును, మినుములను చేర్చినాడు. తినరాదని కాదు, దినదినము వలదని. ఆమెకు నేను చెప్పినది వారమునకు రెండుమార్లు, పూటకు రెండు చేపలు, అదియును మధ్యాహ్నము మాత్రమే. పాలు, చేప విరుద్ధాహారమని అదే స్థానము ఇరువదియారవ అధ్యాయములో స్పష్టముగ ఉన్నది. ఒకటి శీతవీర్యము, మరొకటి ఉష్ణవీర్యము. ఆధునిక పరిశోధన దీనిని గట్టిగ సమర్థింపలేదు. అయినను నేను సంప్రదాయమునే పాటించి, ఆ పూట పాలు, పాయసము వలదని చెప్పుచుందును.

వాతరక్తము గలవారు, అనగా యూరిక్ ఆమ్లము పెరిగి కీళ్ళు వాచువారు, దీనిజోలికి పోరాదు. రక్తపు పోటు గలవారు డబ్బాపై సోడియం అంకె చూచి, ఆ పూట ఊరగాయ, అప్పడము మానవలెను. మూత్రపిండముల వ్యాధి గలవారు, రక్తము పలుచబడు మందులు వాడువారు తమ వైద్యుని అడుగక తినరాదు. తిన్న కొలదిసేపటిలో ముఖము ఎర్రబారి, దురద, తలనొప్పి కలిగిన, అది చేపలో పుట్టిన హిస్టమిన్ వలన కావచ్చును. పట్టిన చేపను చల్లగ ఉంచక జాగుచేసిన అది పుట్టును. ఎంత వేడిచేసినను పోదు. మేలురకము కొనుమనుటకు రుచికంటె ఇదియే ముఖ్యకారణము.

కొనునపుడు డబ్బాపై సార్డీన అని ఉన్నంత మాత్రమున చాలదు. ఆ పేరుతో అమ్మదగిన చేపజాతులు అంతర్జాతీయ ఆహార ప్రమాణములలో ఇరువదికి పైగా కలవు. యూరపు దేశములు ఆ పేరును సార్డినా పిల్కార్డస్ అను జాతికే పరిమితము చేయగా, పెరూ దేశము ప్రపంచ వాణిజ్య సంస్థలో వ్యాజ్యము వేసి 2002లో గెలిచినది. అన్ని జాతులును ఆరోగ్యకరములే. రుచి, పరిమాణము వేరు. జాతి పేరు, ఆలివు నూనె, ఉప్పు, ఈ మూడును తప్ప వేరేమియు లేని డబ్బా ఉత్తమము. ఉబ్బిన డబ్బాను, అంచు నొక్కుకొనిపోయిన డబ్బాను, తుప్పుపట్టి కారుచున్న డబ్బాను తెరువక పారవేయవలెను. తెరచిన పిదప మిగిలినది గాజుపాత్రకు మార్చి, ఫ్రిజ్‌లో ఉంచి, మరుసటి దినమే ముగించవలెను.

ఆరు డబ్బాలు రెండు నెలలలో అయిపోయినవి. ఎముక గట్టిపడినదని నేను చెప్పజాలను; దానికి ఆమె వైద్యుడిచ్చిన మందులును, ఎండలో నడకయును ఉన్నవి. చేప తినిన పూట అన్నము మిగల్చుట లేదని కోడలు చెప్పినది. ఇటువంటి డబ్బాలు పెద్ద నగరములలో దొరకినను ఖరీదు ఎక్కువ. కనుక ఇప్పుడు ఆమె ఇంట మన కవళ్ళే వాడుచున్నారు. ఇవియు సార్డీను కుటుంబమునకు చెందినవే. నూనె కవళ్ళు దొరకిన మరీ మంచిది.

తాజా కవళ్ళు అరకిలో తీసికొని, పొలుసు, తల, ప్రేగులు తీసి కడిగి, ఉప్పునీటిలో పావుగంట ఉంచి తీయవలెను. ఒక గిన్నెలో వరుసగ పేర్చి, నాలుగు చెంచాల నువ్వుల నూనె, ఒక నిమ్మకాయ రసము, పది మిరియాలు వేసి మూతపెట్టవలెను. కుక్కరు అడుగున మూడు గ్లాసుల నీరు పోసి, గిన్నెను అందులో ఉంచి, మొదటి కూత వచ్చిన తరువాత సన్నని సెగపై ముప్పావు గంట ఉడికించవలెను. చల్లారిన పిదప ఒక చేపను విరిచి ముల్లు వ్రేళ్ళమధ్య నలుగుచున్నదో లేదో చూడవలెను. నలుగనిచో మరికొంత నీరు పోసి పావుగంట ఉడికించవలెను. కట్టుడు పళ్ళవారికి పెట్టుటకు ముందు ఈ పరీక్ష తప్పనిసరి.

దీనిని ఆ దినము, మరుసటి దినము మాత్రమే, అదియును ఫ్రిజ్‌లో ఉంచి వాడవలెను. ఆవకాయ జాడీలో వేసినట్లు సీసాలో పోసి, పైన నూనె నింపి, అలమారులో దాచరాదు. కర్మాగారపు యంత్రము చేయు శుద్ధిని మన కుక్కరు చేయలేదు.